పేరు మార్చి పేస్ట్ చేశాం

మొన్న నవంబర్ 18 రాత్రి మా హాస్టల్ రూమ్‌లో ఒక్క లాప్‌టాప్ ముందు తొమ్మిది మందిమి ఇరుక్కుని కూర్చుని ఇండియా, బంగ్లాదేశ్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాం. ఆట ఢాకాలో. 11వ నిమిషంలోనే షేక్ మోర్సలిన్ గోల్ కొట్టేశాడు. ఇంకా బోలెడు టైమ్ ఉంది కదా అనుకున్నాం. ఆ బోలెడు టైమ్ మొత్తం అయిపోయింది, మనకి గోల్ మాత్రం రాలేదు. 0-1. బంగ్లాదేశ్ చేతిలో మనం ఓడటం 22 ఏళ్ళలో ఇదే మొదటిసారి.

విజిల్ వేసిన నిమిషంలోపే మా ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పడింది. "ఖాలిద్ అవుట్. ప్లాన్ లేదు, ఫార్మేషన్ లేదు, ప్లేయర్స్‌ని వాడుకోవడం రాదు." దాని కింద వరసగా చప్పట్లు, నిప్పు బొమ్మలు. నేను కూడా ఏదో ఒకటి పెడదామని పాత మీమ్ ఒకటి గుర్తొచ్చి, గ్రూప్‌లో "అవుట్" అని కొట్టి వెతికాను. మీమ్ దొరకలేదు. నా సొంత మెసేజ్ దొరికింది.

"మనోలో అవుట్. ప్లాన్ లేదు, ఫార్మేషన్ లేదు, ఉన్న ప్లేయర్స్‌ని వాడుకోవడం రాదు."

తేదీ చూశాను. 2024 నవంబర్ 18. సరిగ్గా ఏడాది.

ఈ జూనియర్‌గాడు నా మెసేజ్ కాపీ కొట్టాడేమో అనుకున్నా. కానీ వాడు గ్రూప్‌లో చేరింది ఈ సెప్టెంబర్‌లో. పాత మెసేజ్‌లు వాడికి కనిపించవు. అంటే వాడు సొంతంగానే రాశాడు. నేనూ పోయినేడు సొంతంగానే రాశాను. మా బ్రాంచ్ భాషలో చెప్పాలంటే ఫంక్షన్ అదే, ఆర్గ్యుమెంట్ ఒక్కటే మారింది.

తెలుగులో నేను రాస్తున్న మొదటి వ్యాసం ఇది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి తప్పులుంటే క్లబ్ వాళ్ళు దిద్దుతామన్నారు. అయితే ఇందులో వాళ్ళు దిద్దలేని తప్పు ఒకటుంది. అది నాది. దాని గురించి చెప్పడానికే రాస్తున్నా.

పోయినేడు నవంబర్ 18న మ్యాచ్ మన గచ్చిబౌలిలోనే. ఇండియా, మలేషియా. నేను ఫస్టియర్‌లో చేరి మూడు నెలలు కూడా కాలేదు. నేను, మా రూమ్మేట్ రెండు బస్సులు మారి వెళ్ళాం. వాడిది ఆదిలాబాద్ వైపు. స్కూల్ రోజుల నుంచి గోల్‌కీపర్. కాలేజీలో అందరూ వాడిని 'కీపర్' అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడ కూడా కీపర్ అనే అంటాను. పేరు వేయొద్దని వాడే అన్నాడు.

అప్పటికి 2024లో ఇండియా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. జనవరిలో ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టకుండా వచ్చేశారు. మార్చిలో గువాహటిలో ఆఫ్ఘనిస్తాన్ మీద 1-2తో ఓడిపోయారు. జూన్‌లో ఛెత్రి రిటైరయ్యాడు, దోహాలో ఖతార్ మీద ఓడిపోయి వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ నుంచి బయటికొచ్చేశాం. ఖతార్ మొదటి గోల్‌కి ముందు బాల్ లైన్ దాటిపోయిందని మేం ఇప్పటికీ కొట్లాడుకుంటాం. ఆ తర్వాత వారం తిరక్కుండానే కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ని తీసేశారు. అంతకు ముందు ఏడాదే ఆయన చేతుల మీదుగా సాఫ్ కప్పు, ఇంటర్‌కాంటినెంటల్ కప్పు వచ్చాయి, ర్యాంకు మొదటి వందలోకి వెళ్ళింది. అప్పుడు పొగిడిందీ మేమే.

కొత్త కోచ్‌గా మనోలో మార్కెజ్ అనగానే నేను ఎగిరి గంతేశాను. మాది కూకట్‌పల్లి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, 2022 మార్చి 20న, హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు గెలిచింది ఆయన కోచింగ్‌లోనే. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద 1-1, తర్వాత పెనాల్టీల్లో కట్టిమణి ఆపుతుంటే ఇంట్లో నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టింది. అలాంటి మనోలో ఇండియాకి కోచ్ అయ్యాక మొదటి మ్యాచ్ ఇదే గచ్చిబౌలిలో మారిషస్‌తో 0-0. రెండోది ఇక్కడే సిరియాతో 0-3. పైగా ఒక పక్క గోవా క్లబ్‌కి, ఇంకో పక్క దేశానికి, రెండిటికీ ఆయనే కోచ్. రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడని గ్రూప్‌లో అందరం తిట్టడం మొదలుపెట్టాం.

మలేషియా మ్యాచ్ 19వ నిమిషం. వాళ్ళ డిఫెన్స్ నుంచి పొడుగ్గా ఒక బాల్ వచ్చింది. గుర్‌ప్రీత్ గోల్ వదిలి బయటకి పరిగెత్తాడు. బాల్ దొరకలేదు. మలేషియావాడు ఖాళీ నెట్‌లోకి కొట్టేశాడు. స్టాండ్ మొత్తం ఒక్కసారిగా లేచి తిట్టడం మొదలుపెట్టింది. నేను కూడా. ఏం తిట్టానో ఈ పత్రికలో రాయడానికి కుదరదు. నా పక్కన కీపర్ మాత్రం లేవలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని అలాగే గ్రౌండ్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

39వ నిమిషంలో కార్నర్ నుంచి రాహుల్ భేకే హెడర్‌తో సమం చేశాడు. 1-1. ఆట అలాగే అయిపోయింది. ఆ ఏడాది లెక్క కూడా ముగిసింది. బస్సులో కూర్చుని ఫోన్‌లో లెక్కేశాను: 11 మ్యాచ్‌లు, గెలిచినవి సున్నా, కొట్టిన గోల్స్ నాలుగు. ఆ కోపంలోనే నా "మనోలో అవుట్" మెసేజ్ పెట్టాను.

"గుర్‌ప్రీత్‌ని కూడా తీసెయ్యాలి మామా" అన్నాను.

కీపర్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నువ్వు కీపర్ని తిడ్తున్నవ్. ఆ బాల్ ఆడిదాక ఎట్లొచ్చిందో చూసినవా? డిఫెండర్ల ఎనక అంత జాగ ఎందుకుంది? ఆ జాగ ఎవరు కాయాల్నో ముందే చెప్పి ఉంటరు గదా."

"చెప్తే మాత్రం? మిస్సయింది వాడే కదా."

"అవ్. మిస్సయింది వాడే. నీకు కనబడేది గదొక్కటే" అని వాడు కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు ఆ మాట నాకు ఎక్కలేదు. ఎక్కడానికి ఫిబ్రవరి రావాల్సి వచ్చింది.

ఫిబ్రవరిలో మా ఇంటర్ బ్రాంచ్ టోర్నమెంట్. నాకు ఫుట్‌బాల్ ఆడటం పెద్దగా రాదు, మాట్లాడటం బాగా వచ్చు. యూట్యూబ్‌లో ట్యాక్టిక్స్ వీడియోలు చూసి చూసి గ్రూప్‌లో లెక్చర్లు ఇస్తుంటే, "అయితే నువ్వే మేనేజర్‌గా ఉండు" అని సీనియర్లు నాకే అప్పజెప్పారు. నేను సీరియస్‌గా తీసుకున్నా. ఎక్సెల్ షీట్ తయారుచేశా. డిఫెండర్లందరూ సగం గ్రౌండ్ దాకా ముందుకొచ్చి నిలబడాలి, వాళ్ళ వెనక ఖాళీని కీపర్ బయటికొచ్చి కాయాలి. పెద్ద పెద్ద క్లబ్బులు ఆడే ఆట అది. నేను ఏ ఆట ఆడమంటున్నందుకు మనోలోని తిట్టానో దాదాపు అదే ఆట. ఆ సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు.

కీపర్ ముందే చెప్పాడు. "మనోళ్ళకి ఎనక్కి ఉరికొచ్చే స్పీడ్ లేదు రా. గ్రౌండ్ గట్టిగుంది, బాల్ లేస్తది. కొంచెం ఎనక్కుందాం."

"నమ్ము మామా. నువ్వు భయపడకుండా బయటికి రా, చాలు" అన్నాను.

సెమీఫైనల్ మెకానికల్ వాళ్ళతో. ఫస్ట్ హాఫ్‌లో మేం 1-0. నేను సైడ్‌లైన్ మీద చేతులు కట్టుకుని పెద్ద కోచ్‌లా నిలబడ్డాను. సెకండాఫ్‌లో వాళ్ళు నా ప్లాన్ కనిపెట్టేశారు. చాలా సింపుల్‌గా, వెనక నుంచి పైకి ఒక తన్ను. కీపర్ నేను చెప్పినట్టే బయటికొచ్చాడు. బాల్ ఆ గట్టి నేల మీద పడి వాడి తల మీంచి లేచి వెళ్ళి నెట్‌లో పడింది. పది నిమిషాల తర్వాత మళ్ళీ అలాంటిదే ఇంకొకటి. 1-2.

రాత్రికి గ్రూప్‌లో మీమ్ వచ్చింది. గచ్చిబౌలిలో గుర్‌ప్రీత్ బాల్ మిస్సయిన ఫోటోకి మా కీపర్ మొహం అతికించారు. "కీపర్ అవుట్." అరవై మందిలో ముప్పై మంది దాకా నవ్వారు. బయటకి రమ్మన్నది నేనేనని అందులో ఎవరికీ తెలియదు. ఆ మాట నాకూ వాడికీ మధ్య జరిగింది. ఒక్క లైన్ టైప్ చేస్తే సరిపోయేది.

నేను చెయ్యలేదు. అంతకంటే ఘోరం ఏంటంటే, ఆ మీమ్ కింద నేను కూడా నవ్వే బొమ్మ పెట్టాను. పెట్టకపోతే అనుమానం వస్తుందేమో అనిపించింది. రాసుకుంటుంటే కూడా సిగ్గుగా ఉంది.

కీపర్ ఏమీ అనలేదు. మరుసటి రోజు నుంచి ప్రాక్టీస్‌కి వెళ్ళడం మానేశాడు. అడిగితే ల్యాబ్ రికార్డు ఉందన్నాడు. ఒకే రూమ్‌లో ఉంటున్నాం, ఒకే మెస్‌లో తింటున్నాం, ఫుట్‌బాల్ ఒక్కటే మాట్లాడుకోలేదు. మా ఇద్దరికీ దోస్తీ కుదిరిందే ఫుట్‌బాల్ వల్ల. అది తీసేస్తే ఇంకేం మిగిలింది? "గీజర్ ఆన్ చేశావా", "అసైన్‌మెంట్ పంపు". అంతే.

వేసవి సెలవుల్లో ఇంట్లో ఖాళీగా కూర్చుని 'మైదాన్' సినిమా చూశాను. సయ్యద్ అబ్దుల్ రహీం గురించి. మన హైదరాబాద్‌ ఆయనే, స్కూల్ టీచర్‌గా పనిచేసినాయన, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తయారుచేసినాయన. 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు ఇండియాకి తెచ్చిన కోచ్. నేను పుట్టి పెరిగిన ఊళ్ళోనే ఇంత కథ ఉందని నాకు 19 ఏళ్ళకి ఒక హిందీ సినిమా చెప్పింది. సినిమా కదా అని నమ్మకుండా కూర్చుని చదివాను. చదివిన వాటిలో నన్ను పట్టుకున్నది బంగారు పతకాలు కాదు, ఒక స్కోరు.

1952, హెల్సింకీ ఒలింపిక్స్. యుగోస్లావియా 10, ఇండియా 1.

పది. మన వాళ్ళు చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. కోచ్ రహీమే. ఆ రోజు మన వాట్సాప్ గ్రూప్ ఉండి ఉంటే? నేనైతే విజిల్ వేసే దాకా కూడా ఆగేవాణ్ణి కాదు, ఆరో గోల్‌కే "రహీం అవుట్" అని పెట్టేవాణ్ణి. కానీ నాలుగేళ్ళ తర్వాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కూడా కోచ్ రహీమే. ఈలోపు బూట్లు తప్పనిసరి చేశారు. ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించారు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ముందు గోల్ కొట్టింది మనమే. చివరికి 1-4తో ఓడిపోయాం, నాలుగో స్థానంతో వచ్చాం. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ అంత దూరం మళ్ళీ వెళ్ళలేదు.

1962 జకార్తాలో కూడా అంతే. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది. రహీం అతన్ని సెమీఫైనల్లో, ఫైనల్లో స్ట్రైకర్‌గా ఆడించాడు. ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియానే. 2-1తో గెలిచాం. ఒక గోల్ పీకే బెనర్జీది, ఇంకొకటి ఆ తలకి దెబ్బ తగిలిన జర్నైల్‌ది. గోల్‌లో నిలబడింది పీటర్ తంగరాజ్, ఆయన పుట్టిందీ హైదరాబాద్‌లోనే. అప్పటికే రహీంకి ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో చనిపోయారు.

సెకండియర్ మొదలవ్వగానే ఈ కథంతా కీపర్‌కి చెప్పాను. నిజానికి నాకు ఇంకో మాట చెప్పాలనుంది, ఆ ధైర్యం లేక ఇది చెప్పాను. "చూశావా, ఓపిక పట్టాలి మామా. పది గోల్స్ తిన్న కోచ్‌ని ఉంచారు కాబట్టే కదా."

వాడు నవ్వాడు. "ఓడినోళ్ళందరు రహీం సాబ్ అయిపోతరా? కొందరు నిజంగనే పనికిరానోళ్ళు గూడ ఉంటరు. ఎవరు ఎందుకు ఓడిండో తెలుస్కోవాలె గదా ముందు. రహీం సాబ్‌ని ఉంచిండ్రు సరే, కాళ్ళకి బూట్లు గూడ ఇచ్చిండ్రు గద."

ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. కోచ్‌ని ఉంచాలా తీసెయ్యాలా అన్నదే ప్రశ్న అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. బూట్ల సంగతి ఎవరం అడగలేదు.

ఇప్పటి బూట్లు ఏంటో ఆలోచించాను. 2021-22 సీజన్‌లో మనోలో హైదరాబాద్‌కి కప్పు తెచ్చినప్పుడు ముందు ఎవరున్నారు? నైజీరియా నుంచి వచ్చిన ఒగ్బెచే. ఒక్కడే 18 గోల్స్, గోల్డెన్ బూట్ కూడా అతనిదే. ఐఎస్ఎల్ మొదలైన 2014 నుంచి 2024-25 దాకా ప్రతి సీజన్‌లో గోల్డెన్ బూట్ విదేశీ ప్లేయర్‌కే వెళ్ళింది. క్లబ్బుకి గెలుపు కావాలి, నలుగురు విదేశీయుల్ని ఆడించొచ్చు, కాబట్టి గోల్ కొట్టే చోట వాళ్ళని పెడతారు. అది చూసి నేనూ సంబరపడ్డాను. అదే మనోలో అదే గచ్చిబౌలికి ఇండియా కోచ్‌గా వచ్చినప్పుడు ఆయన దగ్గర ఒగ్బెచే లేడు, రిటైరైపోయిన ఛెత్రి కూడా లేడు. మలేషియా మీద గోల్ కొట్టింది డిఫెండర్. చివరికి 2025 మార్చిలో 40 ఏళ్ళ ఛెత్రినే మళ్ళీ వెనక్కి పిలుచుకున్నారు. రహీం అయితే డిఫెండర్‌ని స్ట్రైకర్ చేశాడు, నిజమే. కానీ ప్రతిసారీ జర్నైల్ దొరకడు.

మనోలో తప్పే లేదని కాదు. ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, అది కూడా మాల్దీవుల మీద. జూన్‌లో హాంకాంగ్‌లో ఆఖరి నిమిషాల పెనాల్టీతో ఓడిపోయాక ఆయన వెళ్ళిపోయాడు. ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చాడు. ఎన్నో ఏళ్ళకి మన దేశం కోచ్. తజికిస్తాన్ మీద 2-1. ఆ రెండు గోల్సూ డిఫెండర్లవే, అన్వర్ అలీ, ఝింగన్. ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం. మా గ్రూప్‌లో పండగ. "ఇన్నాళ్ళకి సరైనోడు దొరికాడు" అని నేనే పెట్టాను. అక్టోబర్ 14న మడ్‌గావ్‌లో సింగపూర్ మీద ముందు గోల్ కొట్టి కూడా 1-2తో ఓడిపోయి ఆసియా కప్ క్వాలిఫయింగ్ నుంచి బయటికొచ్చేశాం. సరైనోడు నెలన్నరలో పనికిరానోడు అయిపోయాడు. ఇంకో పక్క జులైలో ఆగిన ఐఎస్ఎల్ ఈ నవంబర్ చివర్లో నేను ఇది రాసే దాకా మొదలే కాలేదు. మా హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే ఢిల్లీకే వెళ్ళిపోయింది. లీగ్ ఆడని ప్లేయర్లని ఢాకాకి పంపి, ఓడిపోతే కోచ్ పేరు పక్కన అవుట్ అని రాస్తున్నాం.

ఎందుకు రాస్తామో నాకు తెలుసు. ఫిబ్రవరిలో నేను ఎందుకు నవ్వే బొమ్మ పెట్టానో అందుకే. ఒక మనిషి మీదకి తోసేస్తే మిగతా అందరం బయటపడతాం.

ఆ నవంబర్ 18 రాత్రికి తిరిగి వస్తాను. నా పాత మెసేజ్ చూస్తూ కూర్చున్నానా, గ్రూప్‌లో ఇంకో మెసేజ్ పడింది. "ఇండియా డిఫెన్స్ చూస్తుంటే మన కీపర్ గుర్తొస్తున్నాడు." ఫిబ్రవరి మీమ్ మళ్ళీ వచ్చింది. కీపర్ నా పక్క మంచం మీదే ఉన్నాడు, ఫోన్ చూస్తున్నాడు.

టైప్ చేశాను. "ఫిబ్రవరి సెమీస్‌లో కీపర్‌ని లైన్ వదిలి బయటకి రమ్మన్నది నేను. వద్దని వాడు ముందే చెప్పాడు. రెండు గోల్సూ నా ప్లాన్ వల్ల పడ్డాయి. ఆ రోజే చెప్పాల్సింది." రెండుసార్లు చెరిపి మూడోసారి పంపాను.

గ్రూప్ కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎవరో "మేనేజర్ అవుట్" అని పెట్టారు. నవ్వే బొమ్మలు నలభై దాకా వచ్చాయి. నాకు అంత బాధేమీ అనిపించలేదు, అనిపించింది కానీ తట్టుకోగలిగా.

పక్క మంచం మీంచి కీపర్ అన్నాడు, "తొమ్మిది నెలలు పట్టింది రా నీకు."

"సారీ మామా."

వాడు దానికేమీ అనలేదు. లైట్ ఆపేసి పడుకున్నాక, చీకట్లో, "ఫిబ్రవరిల టోర్నమెంట్ ఉన్నది. ఈసారి డిఫెన్స్ ఏడ నిలబడాల్నో నేను జెప్త" అన్నాడు.

సరేనన్నాను. ఎక్సెల్ షీట్ డిలీట్ చేయలేదు గానీ, వాడికి షేర్ చేశాను, ఎడిట్ పర్మిషన్‌తో. పొద్దున చూస్తే మా డిఫెండర్లు నలుగురినీ ఇరవై అడుగులు వెనక్కి జరిపి పెట్టాడు.